తెలుసుకొనేవారు, తెలియబడేవారు

భారతీయ ధార్మిక సంప్రదాయాల్లో జ్ఞానం గురించి పరస్పరం పొసగని రెండు మాటలు పక్కపక్కనే నడిచాయి. ఇచ్చేకొద్దీ పెరిగే సంపద గనుక విద్యాదానం దానాలన్నిటిలో మిన్న అని ఒక మాట చెబితే, యోగ్యత లేనివారికి విద్య ఇవ్వరాదని రెండో మాట కట్టడి చేసింది. ఈ యోగ్యతకే శాస్త్రపరిభాషలో అధికారం అని పేరు. ఏ శాస్త్రాన్ని చదవడానికి ఎవరు అర్హులో తేల్చే చర్చ వేదాంత గ్రంథాల ఆరంభంలోనే కనిపిస్తుంది. జైనులు ఆహార, ఔషధ, అభయ దానాలతో పాటు శాస్త్రదానాన్నీ లెక్కించారు. 10వ శతాబ్దం చివర కన్నడ దేశంలో అత్తిమబ్బె అనే శ్రావిక పొన్న కవి శాంతిపురాణానికి వెయ్యి ప్రతులు రాయించి పంచిపెట్టిందని ప్రసిద్ధి. తాటాకులు సేకరించి, ఆరబెట్టి, అక్షరం అక్షరంగా రాసి, చిల్లులు వేసి, తాడు గుచ్చి కడితే గాని ఒక ప్రతి తయారు కాదు గనుక, వెయ్యి ప్రతులంటే ఎందరో లేఖకుల నెలల తరబడి శ్రమ. ఆ తరువాతి కాలంలో రామానుజాచార్యులు తిరుక్కోష్టియూరులో గోష్ఠీపూర్ణులనే గురువు చుట్టూ 18 సార్లు తిరిగి పొందిన మంత్రార్థాన్ని, బయటపెట్టినవారికి నరకం తప్పదని తెలిసి కూడా, ఆలయ గోపురమెక్కి అందరికీ వినిపించేలా చాటారని గురుపరంపర గ్రంథాలు చెబుతాయి.

అత్తిమబ్బెకు ఎదురైన అడ్డంకి ఖర్చు. రామానుజులకు ఎదురైన అడ్డంకి అధికారం. కంప్యూటర్లు, మొబైల్ ఫోన్లు, వాటిని కలిపే ఇంటర్నెట్‌తో ఏర్పడిన సమాచార సాంకేతికత మొదటి అడ్డంకిని దాదాపు తొలగించింది. ఒక గ్రంథానికి వెయ్యో ప్రతి తీయడానికీ కోటో ప్రతి తీయడానికీ అయ్యే ఖర్చు ఈనాడు లెక్కలోకి రానంత స్వల్పం. అందుచేత రెండో అడ్డంకి కూడా తనంతట తానే కూలిపోతుందని, జ్ఞానం అందరిదీ అయినప్పుడు సంపదలోని హెచ్చుతగ్గులూ తగ్గుతాయని ఆశించినవారు చాలామంది ఉన్నారు. ఆ ఆశ పూర్తిగా వమ్ము కాలేదు, పూర్తిగా నెరవేరనూ లేదు. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి సమాచారం ఎంత పెరిగిందన్న లెక్క కంటే, అద్వైతులు త్రిపుటి అని పిలిచే విభాగం ఎక్కువగా ఉపయోగపడుతుంది. తెలుసుకొనేవాడు జ్ఞాత, తెలుసుకోవడం జ్ఞానం, తెలియబడేది జ్ఞేయం. ఈ మూడూ కలిస్తేనే లోకవ్యవహారంలో ఏ తెలివిడి అయినా సాధ్యం. ఈ భేదం పరమార్థంలో కరిగిపోతుందని అద్వైతం చెప్పినా వ్యవహారంలో అది నిలిచే ఉంటుంది. ధర, కూలి, అప్పు, ప్రభుత్వం ఆ వ్యవహారంలోనివే. సాంకేతికత జ్ఞానాన్ని పెంచిన సంగతి అందరూ గమనించారు. అది ఎవరిని జ్ఞాత స్థానంలో కూర్చోబెట్టింది, ఎవరిని జ్ఞేయ స్థానంలోకి నెట్టింది అన్న విచారణ మాత్రం జరగవలసినంతగా జరగలేదు, న్యాయాన్యాయాలు తేలేది ఆ పంపకంలోనే అయినా.

సమాజానికి అవసరమైన జ్ఞానం ఏ ఒక్కరి తలలోనూ పూర్తిగా ఉండదని, లక్షలాది మంది దగ్గర తునకలుగా చెదిరి ఉన్న ఆ జ్ఞానాన్ని ధర కూడగట్టి అవసరమైన చోటికి చేరవేస్తుందని ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హయెక్ 1945లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు. ఈ వాదంలో ఒక షరతు దాగి ఉంది: ఆ ధర అవసరమైనవాడికి సమయానికి తెలియాలి. తెలియకపోతే ఏమవుతుందో రాబర్ట్ జెన్సెన్ ఉత్తర కేరళ తీరంలో చేసి 2007లో ప్రచురించిన పరిశోధన కళ్లకు కట్టిస్తుంది. 1997 జనవరి 14 ఉదయం వడకర రేవులో 11 మంది మత్స్యకారులు కొనేవారు లేక తమ పట్టును పారబోస్తున్న సమయానికే, 15 కిలోమీటర్ల లోపు ఉన్న ఇతర రేవుల్లో 27 మంది కొనుగోలుదారులు చేపలు దొరక్క వెనుదిరగబోతున్నారు. తెలుగు తీరంలో కవళ్లు అని పిలిచే సార్డీన్ చేపలు త్వరగా చెడిపోతాయి. ఒక రేవుకు చేరాక అక్కడ ధర పడిపోయిందని తెలిస్తే మరో రేవుకు పోవడానికి ఇంధనం ఖర్చూ గిట్టదు, సమయమూ చాలదు. 1997 నుంచి 2001 వరకు ఆ తీరం వెంట ఒక్కొక్క ప్రాంతానికీ మొబైల్ సేవ వచ్చింది. టవర్ల సంకేతాలు సముద్రం లోపలికి 20 కిలోమీటర్లకు పైగా అందేవి గనుక, వల ఎత్తిన మత్స్యకారుడు పడవలో ఉండగానే రేవులకు ఫోన్ చేసి, ధర బాగున్న వైపు పడవ తిప్పడం మొదలుపెట్టాడు. రేవుకూ రేవుకూ మధ్య 60 నుంచి 70 శాతం వరకు ఉండే ధరల హెచ్చుతగ్గులు 15 శాతానికో ఇంకా తక్కువకో దిగివచ్చాయి. అంతకుముందు పట్టులో 5 నుంచి 8 శాతం దాకా ఉండే పారబోత ఆగిపోయింది. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది. ఇక్కడ జ్ఞాత మత్స్యకారుడు, జ్ఞేయం ధర. ఆ తెలివిడి కోసం ఏ మనిషీ జ్ఞేయంగా మారవలసిన అవసరం రాలేదు. ఈ ఉదాహరణలోని అందమంతా అందులోనే ఉంది.

ఇంతమాత్రాన ఫోన్ చేతికొస్తే పేదరికం పోతుందని తేల్చడం తొందరపాటు. మహారాష్ట్రలోని వంద గ్రామాల్లో పంటల ధరలు, వాతావరణ వివరాలు ఎస్సెమ్మెస్ ద్వారా రైతులకు అందించే సేవ ఫలితాన్ని పరిశీలించిన మార్సెల్ ఫాఫ్‌షాంప్స్, బార్ట్ మింటెన్‌లకు, ఆ రైతులకు దక్కిన ధరలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదని 2012లో వెలువడిన వారి అధ్యయనం చెబుతోంది. పక్క మార్కెట్ యార్డులో క్వింటాలుకు ఎక్కువ పలుకుతోందని తెలిసినా, పెట్టుబడి కోసం ముందే అప్పు ఇచ్చిన కమీషన్ వ్యాపారికే సరుకు తోలవలసిన రైతుకు ఆ తెలివిడి ఆశాభంగాన్ని తప్ప మరేమీ మిగల్చదు. తెలుగు ప్రాంతాల్లో మిర్చి, పత్తి పండించే కౌలు రైతులకు ఈ కట్టుబాటు కొత్తదేమీ కాదు. భగవద్గీత 18వ అధ్యాయం ఈ తేడాను ముందే విడదీసి చూపింది: జ్ఞానం, జ్ఞేయం, జ్ఞాత అనే మూడూ కర్మకు ప్రేరణ అని, కర్మ నిలబడడానికి సాధనం, క్రియ, కర్త అనే మరో మూడు కావాలని అక్కడి విభజన. కేరళ మత్స్యకారుడికి ప్రేరణతో పాటు పడవ కూడా తన చేతిలో ఉంది. అప్పుల్లో ఉన్న రైతుకు ప్రేరణ దొరికినా సాధనం మరొకరి చేతిలో ఉండిపోయింది.

జ్ఞాత, జ్ఞేయ స్థానాలు ఒకే వ్యవస్థలో రెండు వైపులకూ ఎలా మారగలవో చూడడానికి గ్రామీణ ఉపాధి హామీ చరిత్రను మించిన ఆధారం దొరకదు. 2005లో చట్టమై, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఆ పథకానికి గుండెకాయ వంటిది మస్టరు, అంటే పనికి వచ్చినవారి పేర్లు, పనిచేసిన రోజులు, చెల్లించవలసిన కూలి నమోదయ్యే పట్టిక. అంతకుముందు దశాబ్దాల పాటు ప్రభుత్వ పనుల మస్టర్లు ఆఫీసు బీరువాల్లో ఉండేవి. చనిపోయినవారి పేర్ల మీద, వలసపోయినవారి పేర్ల మీద కూలి డ్రా అయ్యేది. ఆ పేర్లు ఎవరివో ఊరికి తెలుసు గాని, ఆ పేర్లు మస్టరులో ఉన్న సంగతి ఊరికి తెలియదు. రాజస్థాన్‌లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు నడిపిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి జన సునవాయీల్లో, అంటే బహిరంగ విచారణల్లో, ఈ పట్టికలను ఊరి మధ్యన చదివించడం మొదలుపెట్టింది. సమాచార హక్కు చట్టం 2005లో రావడానికి ఆ ఉద్యమం ఒక ముఖ్య కారణం.

ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఈ పద్ధతిని సామాజిక తనిఖీ పేరుతో ప్రభుత్వ వ్యవస్థలోకే తెచ్చి, 2009లో దానికోసం ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. తనిఖీ జరిగే తీరు దగ్గరగా చూడదగ్గది. కంప్యూటర్‌లో నమోదైన మస్టరు, చెల్లింపుల వివరాల ప్రతులు తీసుకొని, కూలీ కుటుంబాల నుంచే ఎంపికై శిక్షణ పొందిన యువతీయువకులు గడపగడపకూ వెళ్తారు. జాబ్ కార్డు చూపమని అడిగి, ఎన్ని రోజులు పని చేశారో, చేతికి ఎంత అందిందో ఇంటివారి నోట విని, పట్టికలోని అంకెతో సరిపోల్చి రాసుకుంటారు. తవ్విన కుంటను, వేసిన రోడ్డును టేపు పట్టి కొలుస్తారు. తేడాలు మొదట గ్రామసభలో, ఆ తరువాత మండల కేంద్రంలోని ప్రజావేదికలో అధికారుల ఎదుట చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంట్ అక్కడికక్కడే జవాబు చెప్పుకోవలసి వస్తుంది, కూలీ లేచి నిలబడి ఆ జవాబును కాదనగలుగుతాడు. అక్షరం రాని కూలీ కూడా ఈ క్రమంలో జ్ఞాత అవుతాడు. ప్రభుత్వ ఖర్చు జ్ఞేయం అవుతుంది. కంప్యూటర్ లేకపోతే రాష్ట్రమంతటి మస్టర్లను ఇంత సులువుగా బయటికి తీయడం సాధ్యమయ్యేది కాదు. అయితే ఆ అంకెలు తెర మీద ఉన్నంతమాత్రాన కూలీకి అందలేదు. వాటిని ఊరి భాషలో, ఊరివారి ఎదుట, ఒక మనిషి గొంతెత్తి చదివినప్పుడు అందాయి. రామానుజులు గోపురం మీద చేసిన పనికి ఆధునిక పరిపాలనలో ఇంతకంటే దగ్గరి పోలిక కనిపించదు.

ఎదురు దిశలో జరిగినదాన్ని కూడా నిష్పక్షపాతంగా చూడాలి. జ్ఞేయంగా మారడం ప్రతిసారీ అన్యాయం కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్ర ఆధారిత స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు చెల్లించిన పద్ధతిని కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద ఎత్తున పరిశీలించి, 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కూలి త్వరగా అందిందని, మధ్యలో పోయే సొమ్ము తగ్గిందని నిరూపించారు. యంత్రం తన వేలిని గుర్తుపట్టడం వల్ల తన పేరు మీద మరొకరు సొమ్ము తీసుకోలేకపోవడం కూలీకి మేలే. కాని గుర్తించడం నిఘాగా మారే సరిహద్దు ఎక్కడో ఉంటుంది. 2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా, అన్ని పనిచోట్లా కూలీల హాజరును ఒక మొబైల్ యాప్‌లో, రోజుకు రెండుసార్లు, ఏ చోట తీశారో నమోదయ్యే ఫొటోలతో ఎక్కించడం తప్పనిసరి అయింది. ఎండ ముదరకముందే కొలత ప్రకారం మట్టి పని ముగించిన కూలీ రెండో ఫొటో కోసం ఆగవలసి రావడం, సిగ్నల్ అందని గుట్టల పక్కన హాజరు ఎక్కక కూలి పోవడం వంటి ఇబ్బందులు దేశంలోని అనేక చోట్ల నుంచి వినిపించాయి. సంబంధం లేని ఫొటోలు, ఫొటోను చూసి తీసిన ఫొటోలు కూడా ఎక్కిస్తున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే తన లేఖలో ఒప్పుకొంది. రేషన్ దుకాణంలోని ఈ-పాస్ యంత్రం దగ్గర, ఏళ్ల తరబడి గడ్డపార పట్టి గీతలరిగిన వేలిని పదేపదే తుడుచుకొని పెట్టే వృద్ధురాలి పరిస్థితీ ఇదే. ఆమె ఎవరో డీలరుకు తెలుసు, వరుసలో నిలబడ్డవారందరికీ తెలుసు. యంత్రానికి తెలియకపోవడం వల్ల మాత్రం ఆమెకు బియ్యం ఆగిపోతుంది. సామాజిక తనిఖీలో ఊరి తెలివిడికి ప్రమాణంగా విలువ దక్కింది. ఇక్కడ ఆ విలువ దక్కలేదు.

వ్యాపార రంగంలో జ్ఞాతకూ జ్ఞేయానికీ మధ్య ఈ అసమానత ఇంకా లోతైనది. ఇంటింటికీ భోజనం చేరవేసే యువకుడు ఏ క్షణాన ఏ సందులో ఉన్నాడో, ఎంత వేగంతో వెళ్తున్నాడో, ఎన్ని ఆర్డర్లు వద్దన్నాడో సంస్థకు తెలుస్తుంది. ఒక ఆర్డరు తనకు ఎందుకు వచ్చిందో, మరొకటి ఎందుకు రాలేదో, ఇవాళ్టి రేటు నిన్నటి కంటే ఎందుకు తగ్గిందో అతడికి తెలియదు. కర్ణాటక 2025లో తెచ్చిన గిగ్ కార్మికుల చట్టం ఇలాంటి స్వయంచాలక నిర్ణయాల గురించి కార్మికులకు తెలియజేయాలని సంస్థలను కోరడం ఈ దిశలో గౌరవించదగ్గ అడుగు. వినియోగదారు స్థితి ఇంత కఠినమైనది కాకపోయినా స్వభావంలో భిన్నం కాదు. సమాచారం విస్తారమైనప్పుడు కొరత ఏర్పడేది మనుషుల అవధానానికే అని ఆర్థికవేత్త హెర్బర్ట్ సైమన్ 1971లోనే హెచ్చరించాడు. ఆ అవధానాన్ని కొలిచి ప్రకటనదారులకు అమ్మడం ఈనాటి అతిపెద్ద వ్యాపారాల్లో ఒకటి.

ఇక్కడ ధర్మశాస్త్రపరంగా ఒక చిక్కు వస్తుంది. యోగసూత్రాల్లోని యమాల్లోనూ, జైనుల పంచవ్రతాల్లోనూ అస్తేయం, అపరిగ్రహం అని రెండు నియమాలు ఉన్నాయి. అస్తేయం అంటే ఇతరుల సొత్తు దొంగిలించకపోవడం. దొంగతనంలో వస్తువు ఒకరి దగ్గర పోయి మరొకరి దగ్గర చేరుతుంది. ఒక వ్యక్తి వివరాలను నకలు తీసుకుంటే ఆ వ్యక్తి దగ్గర ఏదీ తరగదు. విద్య పంచినా తరగదన్న గుణమే ఇక్కడ సంస్థలకు రక్షణగా మారి, ఎవరికీ నష్టం లేదు కదా అన్న వాదానికి తావిస్తోంది. ఈ వాదాన్ని అస్తేయం నిలువరించలేదు, అపరిగ్రహం నిలువరించగలదు. అవసరానికి మించి కూడబెట్టుకోకపోవడమే అపరిగ్రహం. దాన్ని మీరినవాడు దోషి కావడానికి ఎదుటివాడికి నష్టం జరగనక్కరలేదు. జైనుల తత్త్వార్థసూత్రం పరిగ్రహాన్ని వస్తువుతో కాక దాని మీది మమకారంతో నిర్వచించింది. గృహస్థులకు దీని రూపమైన పరిగ్రహ పరిమాణ వ్రతం, తాను ఎంతవరకు కలిగి ఉండవచ్చో ముందే హద్దు గీసుకోమంటుంది. ఎప్పటికైనా పనికొస్తుందన్న ఆశతో కోట్లాది మంది కదలికలను ఏళ్ల తరబడి దాచుకోవడం ఈ నిర్వచనం ప్రకారం నిస్సందేహంగా పరిగ్రహమే. భారతదేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సేకరించిన ప్రయోజనం తీరాక డేటాను తుడిచివేయాలని చెప్పడం తెలిసి చేసినా తెలియక చేసినా ఆ వ్రతానికి దగ్గరి చూపే.

ఆ చట్టానికి పునాది 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తీర్పు. తీర్పు భాష రాజ్యాంగపరమైనదే అయినా, దాని వెనుక ఉన్న భావానికి బృహదారణ్యకోపనిషత్తులో ఒక తాత్త్విక ఆధారం కనిపిస్తుంది: అన్నిటినీ తెలుసుకొనేవాడు తాను ఎన్నడూ పూర్తిగా జ్ఞేయ వస్తువు కాలేడని యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి బోధించాడు. ఆ బోధ ఆత్మ గురించినది, పౌరుడి గురించినది కాదు అన్న అభ్యంతరం సరైనదే. అయినా మనిషి మీద పోగైన వివరాలన్నీ కలిపినా మనిషి కావు అని, ఆ వివరాలను చూసి తీర్పు చెప్పేముందు ఆ మనిషిని మాట్లాడనివ్వాలి అని దాని నుంచి అనుసరించే నియమం వ్యవహారంలోనూ నిలుస్తుంది. ప్రజావేదికలో కూలీకి దొరికినది, వేలిముద్ర యంత్రం దగ్గర దొరకనిది ఆ అవకాశమే.

ఇదే 2023 చట్టం మరోవైపు ఒక కొత్త చిక్కును తెచ్చింది. దాని 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి, వ్యక్తిగత సమాచారమైనా విశాల ప్రజాప్రయోజనం ఉంటే వెల్లడించవచ్చన్న వెసులుబాటును అక్కడి నుంచి తొలగించింది. సమాచార హక్కు చట్టంలోనే ఉన్న 8(2) కింద ప్రజాప్రయోజనం పరిగణనలోనే ఉందని ప్రభుత్వం చెబుతోంది. వెల్లడించకపోవడమే అధికారికి సులువైన దారి అవుతుందని సమాచార హక్కు కార్యకర్తల భయం. వారి భయానికి ఆధారం ఉంది. సామాన్యుణ్ణి జ్ఞేయంగా మారకుండా కాపాడడానికి పుట్టిన హక్కు, అతడు జ్ఞాత కావడానికి పనికొచ్చిన హక్కును కుదించితే, రక్షణ దక్కేది మస్టరులో పేరున్న కూలీకి కాదు, మస్టరు రాసినవాడికి. మస్టరులోని పేరు ఆ వ్యక్తిది, ఆ పేరు మీద ఖర్చయిన సొమ్ము ప్రజలది. ఈ రెండింటికీ న్యాయం చేసే మార్గం లేకపోలేదు. ఊరి పట్టికను ఆ ఊరివారి ఎదుట చదివించి, ఊరి బయటివారు పేరు పెట్టి వెతకడానికి వీల్లేకుండా వెబ్‌లో ఉంచడం సాంకేతికంగా కష్టమైన పని కాదు. ఎవరు ఎవరిని చూస్తున్నారన్న భేదాన్ని గుర్తించే అలాంటి విచక్షణ మార్చిన 8(1)(జె)లో లేదు. దాని ప్రకారం ఊరి కూలీ పేరుకూ, ఊరి సొమ్ము ఖర్చు పెట్టిన అధికారి పేరుకూ ఒకే రక్షణ ఉంది, ప్రజాప్రయోజనం ఉందని ఒప్పించవలసిన భారం అడిగినవారి మీద పడుతోంది.